చంటిపిల్లలతో విమానం ఎక్కుతున్నారా? ఏ కాగితాలు కావాలో బరంపురం నుంచి చెప్తున్నా

నమస్కారం అండీ. ఒడిశాలోని బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. నా దుకాణం ఎరిగినవాళ్ళకి తెలుసు, జిరాక్సు, ఆధార్ ప్రింటు, రైలు టికెట్టు, విమానం టికెట్టు, అన్నీ ఒకే కుర్చీలో కూర్చుని చేస్తాను. వేసవి సెలవులు వస్తే చాలు, రోజూ ఎవరో ఒకరు చంకన పిల్లాణ్ణి వేసుకుని వచ్చి అడిగే మాట ఒకటే. "అన్నా, వీడికింకా ఆధార్ రాలేదు, విమానం ఎక్కనిస్తారా?"

ఎక్కనిస్తారు. అమ్మానాన్నలతో వెళ్ళే చంటిబిడ్డని ఆధార్ లేదని ఆపరు. ఆపితే వేరే కాగితం కోసం ఆపుతారు. అదేటో చెప్తాను.

ఎయిర్‌పోర్టులో మన కాగితాలు ఇద్దరు చూస్తారు. గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ జవాను, లోపల ఎయిర్‌లైన్ కౌంటర్లో ఉన్నవాళ్ళు. జవానుకి కావల్సింది "ఎవరు మీరు?" అన్నది. కౌంటర్లో వాళ్ళకి కావల్సింది "బిడ్డ వయసెంత?" అన్నది. మొదటిదానికి జవాబు మీరే. అమ్మో నాన్నో తమ గుర్తింపు కార్డు చూపిస్తే వెంట ఉన్న పిల్లలకి విడిగా కార్డు అక్కర్లేదని విమానాశ్రయాల భద్రత చూసే బీసీఏఎస్ 2017లోనే ఆదేశం ఇచ్చింది. మీది మాత్రం ఉండాలి. ఆధార్, ఓటరు కార్డు, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్, వీటిలో ఒకటి.

రెండో ప్రశ్న డబ్బులతో ముడిపడింది. రెండేళ్ళు నిండని బిడ్డకి సీటు ఉండదు, ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. అందుకే ఆ టికెట్టు చాలా తక్కువ. ఇన్‌ఫాంట్ టికెట్టు అంటారు. రెండు నిండాయంటే సీటు కొనాల్సిందే. అందుకని వయసు నిజమా కాదా అని వాళ్ళు చూసుకుంటారు. చూపించలేకపోతే అక్కడికక్కడే మామూలు సీటు ధర కట్టమంటారు. ప్రయాణం రోజున సీటు ధర ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

దీనికి పనికొచ్చేవి ఇవి. బర్త్ సర్టిఫికెట్ అన్నిటికంటే మేలు. అది లేకపోతే ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు, బిడ్డ పాస్‌పోర్ట్. అసలు కాగితమే పట్టుకెళ్ళండి. వాట్సాప్‌లో మరిది పంపిన ఫొటో చూపిస్తే ఒకచోట చూసీ చూడనట్టు వదిలేస్తారు, ఇంకోచోట వదలరు. మనకి దగ్గర ఎయిర్‌పోర్టు భువనేశ్వర్, అదీ రైల్లో రెండున్నర మూడు గంటలు. విశాఖ ఇంకా దూరం. బీరువాలో మర్చిపోయిన కాగితం తెప్పించుకునే దారి ఉండదు.

మా చెల్లెలి సంగతి చెప్తాను, నవ్వకండి. పిల్లాడికి ఒక ఏడాది పదకొండు నెలలప్పుడు హైదరాబాద్ వెళ్ళింది. బర్త్ సర్టిఫికెట్ ఉంది, కార్డులున్నాయి, వెళ్ళేటప్పుడు హాయిగా వెళ్ళింది. అత్తవారింట్లో మూడు వారాలు అనుకున్నది ఐదు వారాలైంది. రెండో పుట్టినరోజు అక్కడే చేశారు, కేక్ కోశారు, ఫొటోలన్నీ నాకు పంపారు. తిరిగొచ్చేటప్పుడు కౌంటర్లో అమ్మాయి సర్టిఫికెట్ చూసి "మేడమ్, బాబుకి రెండు దాటాయి కదా" అంది. ఇన్‌ఫాంట్ టికెట్టు చెల్లలేదు, సీటు కొనుక్కుంది. టికెట్టు బుక్ చేసిన రోజున బిడ్డకి ఎంత వయసుందన్నది కాదు లెక్క, ఎక్కే రోజున ఎంతన్నది. రానూపోనూ రెండూ చూసుకోవాలి. ఆ తిరుగు టికెట్టు తేదీ మార్చింది నేనే అనుకోండి, ఇప్పటికీ దెప్పుతుంది.

ఇప్పుడు బర్త్ సర్టిఫికెట్ దగ్గర కొంచెంసేపు ఆగుదాం. మన ఊళ్ళలో చిక్కంతా ఇక్కడే.

తొలి కాన్పు పుట్టింట్లో కదా. బరంపురం కోడలు ఇచ్ఛాపురం వెళ్తుంది, శ్రీకాకుళం వెళ్తుంది, లేకపోతే విశాఖ. బిడ్డ అక్కడ పుడుతుంది. మూణ్ణెల్లు పోయాక తల్లీబిడ్డా ఇటొస్తారు. అప్పుడు తండ్రి బరంపురం మున్సిపల్ కార్పొరేషన్ చుట్టూ తిరుగుతాడు. ఎన్నిసార్లు తిరిగితే ఏం లాభం? బిడ్డ ఎక్కడ పుడితే రిజిస్టరు అక్కడే. మీ ఇల్లు ఎక్కడన్నది కాదు. ఇచ్ఛాపురంలో పుడితే సర్టిఫికెట్టు ఆంధ్రా నుంచే రావాలి. బిడ్డ ఆధార్ మీద ఒడిశా అడ్రసు ఉండొచ్చు, బర్త్ సర్టిఫికెట్ ఆంధ్రాది ఉండొచ్చు, అందులో తప్పేం లేదు, ఎవరూ అడగరు. అటు నుంచి ఇటొచ్చి బరంపురం పెద్దాసుపత్రి ఎం.కె.సి.జి.లో పురుడు పోసుకున్నవాళ్ళకి కాగితం ఇక్కడిదే.

పుట్టిన 21 రోజుల్లోపు రిజిస్టర్ చేయించాలి. అది దాటితే ఆలస్య రుసుం, ఏడాది దాటితే పెద్ద అధికారి ఆర్డరు. అందుకని పురిటింటి నుంచి బయల్దేరే ముందే అక్కడి మామయ్యకో బావమరిదికో ఆ పని అప్పజెప్పండి. మరొకటి. పుట్టిన వెంటనే తీసిన సర్టిఫికెట్లో పేరు గడి ఖాళీగా ఉంటుంది, మనం బారసాల చేసి పేరు పెట్టేది ఆ తర్వాత కదా. ఖాళీగా ఉన్నా అది చెల్లుతుంది, కానీ టికెట్టు మీద పేరుంటుంది, సర్టిఫికెట్టు మీద ఉండదు. ఏడాదిలోపు అదే రిజిస్ట్రారు దగ్గర పేరు ఊరికే ఎక్కిస్తారు. తర్వాతైతే 15 ఏళ్ళ దాకా రుసుం కట్టి ఎక్కించుకోవచ్చు.

ఆ పేరు దగ్గర ఇంకో గొడవ. బరంపురం ఉన్న మన గంజాం జిల్లా 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఒడిశాకి సరిహద్దు గీత గీశారు, మనం ఇటు ఉండిపోయాం, ఇంటిపేరు మాత్రం తెలుగు పద్ధతిలో ముందే రాసుకుంటాం. ఇక్కడి స్కూల్లో ఫారం నింపేవాళ్ళకి పేరు చివర టైటిల్ కావాలి, అంటే ఒడియావాళ్ళు చివర రాసుకునే వంశం పేరు. ఇంటిపేరు వాళ్ళకి అర్థం కాదు. తండ్రి పేరు చివరున్న రావు తీసుకొచ్చి బిడ్డకి తగిలిస్తారు. అలా ఆడపిల్ల పేరు చివర రావు ఉన్న స్కూల్ కార్డు నా చేతులతో నేను లామినేషన్ చేశాను. ఇక ఒడియాలో వ బదులు బ రాయడం అలవాటు కదా, దాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి కొట్టేటప్పుడు వెంకట కాస్తా బెంకట అవుతుంది. ఒక్క బిడ్డకి మూడు కాగితాలు, మూడు పేర్లు.

ఏం చేయాలి? టికెట్టు బుక్ చేసేటప్పుడు, కౌంటర్లో ఏ కాగితం చూపించబోతున్నారో అది ఎదురుగా పెట్టుకుని, దాని మీద ఎలా ఉంటే అలా, ఒక్కో అక్షరం చూసి కొట్టండి. ఇంట్లో పిలిచే చిట్టి, బుజ్జి, కన్నా కాదు. ఇవాళ మా దుకాణానికి వచ్చినాయన టికెట్లో బిడ్డ పేరు "బాబు" అని ఉంది. స్పెల్లింగు చిన్న తప్పయితే ఎయిర్‌లైన్‌కి ముందే ఫోన్ చేస్తే చాలావరకు సరిచేస్తారు. ప్రయాణం రోజు పొద్దున్న చేస్తే ఎవరి చేతిలోనూ ఉండదు.

ఆధార్ గురించి రెండు ముక్కలు. ఐదేళ్ళలోపు పిల్లలకి ఇచ్చేది నీలం రంగు బాల ఆధార్. వేలిముద్రలు, కంటిపాప ఏవీ తీయరు, అమ్మదో నాన్నదో ఆధార్‌కి కలుపుతారు. ఐదు నిండాక ఒకసారి, పదిహేనుకి ఒకసారి బయోమెట్రిక్ చేయించాలి. ఏడు దాటినా చేయించకపోతే ఆ నంబరు ఆగిపోవచ్చు. ఐదు నుంచి ఏడు మధ్య చేయిస్తే రుసుం లేదు. ఎవరైనా డబ్బులడిగితే రసీదు అడగండి, చాలు.

పిల్లలు ఒంటరిగా వెళ్ళే సంగతి. ఐదేళ్ళలోపు వాళ్ళని ఒంటరిగా పంపనివ్వరు. ఐదు నుంచి పన్నెండు మధ్య అయితే ఎయిర్‌లైన్‌లో దానికి వేరే సేవ ఉంది, ముందే ఫోన్ చేసి పెట్టించుకోవాలి, దానికి అదనంగా డబ్బులు. ఇక్కడ ఎక్కించేవాళ్ళ పేరు, అక్కడ దింపుకునేవాళ్ళ పేరు ఫారంలో రాయాలి, ఇద్దరూ తమ గుర్తింపు కార్డులు చూపించాలి. బెంగళూరులో దింపుకునేది చిన్నాన్న అని రాసి, తీరా ఆయనకి డ్యూటీ పడిందని పక్కింటి కుర్రాణ్ణి పంపిస్తే బిడ్డని ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా. ఇలా ఒంటరిగా వెళ్ళే పిల్లలకి మాత్రం సొంత గుర్తింపు కావాలి, నేను మొదట చెప్పిన మినహాయింపు వీళ్ళకి వర్తించదు. ఆధార్ గానీ, ఫొటో ఉన్న స్కూల్ కార్డు గానీ. పన్నెండు దాటితే మామూలు టికెట్టుతో వెళ్ళొచ్చు, జేబులో కార్డుండాలి.

తాతయ్య, అమ్మమ్మలతో పంపిస్తే? మన దేశంలో తిరగడానికి పెద్ద ఇబ్బందేం రాదు. బిడ్డ ఇంటిపేరు ఒకటి, అమ్మమ్మ ఇంటిపేరు ఇంకొకటి, కాబట్టి ఒక తెల్లకాగితం మీద "మా బిడ్డని ఫలానావారితో పంపిస్తున్నాం" అని సంతకం చేసి, ఫోన్ నంబరు రాసి, మీ ఆధార్ జిరాక్సు కలిపి ఇస్తే వాళ్ళకి ధైర్యం.

దేశం దాటేటట్టయితే పైన చెప్పినవేవీ సరిపోవు. నెలల బిడ్డకైనా సొంత పాస్‌పోర్ట్ ఉండాల్సిందే. గల్ఫ్‌లో ఉన్న బావల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు కాబట్టి చెప్తున్నాను. పిల్లల పాస్‌పోర్ట్‌కి ఫీజు మామూలుగా 1000 రూపాయలు, ఎనిమిదేళ్ళలోపు వాళ్ళకి కొత్త దానిలో పదో వంతు తగ్గింపు. అది ఐదేళ్ళు గానీ పద్దెనిమిది నిండేదాకా గానీ, ఏది ముందయితే అంతవరకే పనిచేస్తుంది. తల్లీతండ్రీ ఇద్దరూ సంతకం పెట్టే ఒప్పుకోలు పత్రం, అనెగ్జర్ డి అంటారు, అది ముందే నింపుకోండి. నాలుగేళ్ళలోపు బిడ్డకి తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఫొటో మీరే తీయించి తీసుకెళ్ళాలి. స్టూడియోకి నిద్ర తీరాక తీసుకెళ్ళండి, లేకపోతే ఇరవైసార్లు తీసినా ఒక్కటీ పనికిరాదు. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన బిడ్డలకి పాస్‌పోర్ట్ కోసం పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే ఒప్పుకుంటారు. టీకాల కార్డు, డిశ్చార్జి కాగితం అక్కడ చెల్లవు. అందుకని ఇచ్ఛాపురం మామయ్యకి ఇప్పుడే ఫోన్ చేసేయండి.

ఎవరో తలుపు కొడుతున్నారు, జిరాక్సుకనుకుంటా. మీ బిడ్డ కాగితంలో ఏదైనా తిరకాసుంటే వయసు, పుట్టిన ఊరు రెండూ కామెంట్‌లో రాయండి, ఆధార్ నంబరు మాత్రం రాయకండమ్మా. ఉంటాను.