మా ఆవిడ పరిచయం చేసిన పెద్దాయన

ఆర్మీ నుంచి వచ్చేసి, లేదా రాబోతూ, బయట పని వెతుక్కునే తమ్ముళ్లకు, వాళ్లతో కలిసి వచ్చిన చెల్లెళ్లకు నమస్కారం.

నేను 17 ఏళ్లు ఆర్మీలో ఫోన్, రేడియో లైన్లు చూసే సిగ్నల్స్‌లో చేసి హవల్దార్‌గా ఇంటికొచ్చాను. మొదటి నెలల్లో నాకు ఫోన్ చేసినవాళ్లంతా మా యూనిట్ వాళ్లే. ఒకాయన అపార్ట్‌మెంట్‌లో గార్డు, ఒకాయన బ్యాంకులో గన్‌మ్యాన్, ఇంకొకాయన ఏటీఎం డబ్బుల బండి మీద డ్యూటీ. "వచ్చెయ్, నేను మాట్లాడతా" అని ప్రేమగానే పిలిచారు. ఆ ఉద్యోగాల్లో చిన్నతనమేమీ లేదు. కానీ తెలిసినవాళ్లంతా గార్డులైతే మన చెవిన పడే ఖాళీలు కూడా అవే. నాకు ఫైబర్ స్ప్లైసింగ్, అంటే ఫైబర్ కేబుల్ కొసలు అతికే పని, వచ్చు. మా ఊళ్లో ఆ పని ఎవరిస్తారో చెప్పే మనిషి మాత్రం ఒక్కరూ తెలియదు.

మా ఆవిడకి తెలుసు. నేను ఎక్కడో బోర్డర్‌లో ఉన్నన్నాళ్లూ గ్యాస్ దగ్గర్నుంచి పిల్లల స్కూలు దాకా అన్నీ తనే చూసుకుంది. వీధిలో ఎవరు ఏ ఆఫీసులో చేస్తారో తనకి కంఠతా వచ్చు. వెనక వీధిలో టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారని తనే తీసుకెళ్లింది.

ఆయన నా బయోడేటా చదివి, కళ్లజోడు తీసి, "నువ్వేం చేసేవాడివి బాబూ?" అన్నారు.

"మా డిటాచ్‌మెంట్ లైన్ వేసేదండీ."

"అది సరే. నువ్వు?"

నోట మాట రాలేదు. అన్నేళ్లూ 'మేము' అనడమే అలవాటు. 'నేను' అంటే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది మనకి. ఆయనే పెన్ను తీసి ఒక్కొక్కటీ అడిగి రాశారు. ఎన్ని కిలోమీటర్ల కేబుల్, చేతికింద ఎంతమంది, ఫాల్ట్ పడితే ఎంతసేపట్లో పట్టుకునేవాడివి. ఆ కాగితం చదువుకుంటే ఇదంతా నేనే చేశానా అనిపించింది.

ఆయన ఉద్యోగం ఇప్పించలేదు, నేనూ అడగలేదు. మరో ఇద్దరి నంబర్లిచ్చి, "ఉద్యోగం ఉందా అని అడక్కు. మీ పని ఎలా ఉంటుందో పది నిమిషాలు చెప్తారా అని అడుగు" అన్నారు. ఉద్యోగం అడిగితే ఎదుటివాళ్లు ఇబ్బంది పడతారు. పని గురించి అడిగితే టీ తెప్పించి మరీ చెప్తారు. ఆ ఇద్దరిలో ఒకరి దగ్గర్నుంచే కొన్ని నెలలకు నాకు పిలుపొచ్చింది.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు తప్పక రాయించుకోండి. ఇంకా సర్వీసులో ఉన్న తమ్ముళ్లూ, డీజీఆర్ కోర్సులు, అంటే రిటైరయ్యేవాళ్లకి బయటి ఉద్యోగాల కోసం సైన్యం తరఫున నేర్పించే కోర్సులు, వదులుకోకండి. ఇల్లు కట్టాలనో, పొలం చూసుకోవాలనో చాలామంది వదిలేస్తారు. నేనూ వదిలేశాను, ఆ బాధ ఇంకా ఉంది. అక్కడ పాఠం చెప్పేవాళ్లే మీకు బయటి ప్రపంచంలో మొదటి పరిచయస్థులు అవుతారు.

నా దిగులంతా అగ్నివీర్ పిల్లల గురించే, అంటే అగ్నిపథ్ పథకంలో నాలుగేళ్లకి సైన్యంలో చేరినవాళ్ల గురించే. 2022లో అగ్నిపథ్ తెచ్చినప్పుడు చెప్పిన లెక్క ప్రకారం నాలుగేళ్ల తర్వాత ఉంచుకునేది 25 శాతం వరకే. మిగతావాళ్లు దాదాపు 11.71 లక్షల రూపాయల సేవానిధితో, అంటే ఒకేసారి ఇచ్చే డబ్బుతో, ఇంటికొస్తారు. పెన్షన్ ఉండదు. మనలా నెలనెలా పెన్షన్ తీసుకుంటూ తీరిగ్గా వెతుక్కునే వీలు వాళ్లకి లేదు. ఆ పెద్దాయన నాకు చేసినట్టు మనలో ఒక్కొక్కరం ఒక్కో కుర్రాడి పక్కన కూర్చుని ఆ కాగితం రాయించాలి.

టీ టైములో ఆ చివరి బల్ల దగ్గర ఉంటాను. డిశ్చార్జ్ బుక్, తెల్లకాగితం, పెన్ను పట్టుకుని రండి. మీ ఆవిడని కూడా తీసుకురండి, మీ వీధిలో ఎవరెవరున్నారో ముందు తననే అడుగుతాను.