ఫామ్ పోయిందా, కారు కుదరలేదా? రేసింగ్ డ్రైవర్ జట్టు మారే లెక్క

[స్క్రీన్ మీద: మొనాకో వీధులు. లేత నీలం రంగులో రెండు మెక్‌లారెన్ కార్లు]

2021 మే, మొనాకోలో ఫార్ములా వన్ కారు రేసు. ఒకే జట్టు మెక్‌లారెన్, ఒకేలాంటి రెండు కార్లు. ఒకదాంట్లో లాండో నోరిస్, ఇంకోదాంట్లో డానియల్ రికార్డో. రేసు నడుస్తుండగా నోరిస్ తన జట్టువాడినే దాటేశాడు. స్థానం కోసం జరిగిన పోటీ కాదది. ఒక ల్యాప్ మొత్తం ముందుకెళ్లి, చుట్టూ తిరిగి వెనక నుంచి వచ్చి దాటాడు. రికార్డో పక్కకు జరిగి దారి ఇవ్వాల్సి వచ్చింది. ఆ రోజు నోరిస్ మూడో స్థానం, రికార్డో పన్నెండో స్థానం.

ఇప్పుడు మూడేళ్లు వెనక్కి వెళ్దాం. 2018, ఇదే మొనాకో. రెడ్ బుల్ కారులో రికార్డో ముందున్నాడు. రేసు సగం కాకముందే ఇంజిన్‌కు తోడుగా ఉండే హైబ్రిడ్ ఎలక్ట్రిక్ మోటార్ పనిచేయడం మానేసింది, పవర్ బాగా తగ్గిపోయింది. అయినా వెనకున్న ఫెరారీ డ్రైవర్ వెటెల్‌ను చివరిదాకా ఆపి రేసు గెలిచాడు.

మూడేళ్లలో మనిషి నడపడం మర్చిపోతాడా?

"ఆడలేక మద్దెల ఓడు" అని మన దగ్గర ఒక మాట ఉంది కదా. డ్రైవర్ కారును తప్పుపట్టగానే చాలామందికి గుర్తొచ్చేది అదే. కానీ ఫార్ములా వన్‌లో ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడుగా ఉంటుంది. ఇంకోసారి మద్దెల బాగానే ఉంటుంది, ఈ చేతికి పలకదంతే. ఈ వీడియోలో నేను చెప్పబోయేది ఆ రెండో రకం గురించి. ఎందుకంటే జట్టు మారాలా వద్దా అనే లెక్క తప్పేది ఎక్కువగా అక్కడే.

ఫామ్ అనే మాట మనకు క్రికెట్ నుంచి అలవాటు. బ్యాటర్ వేరే జట్టుకు వెళ్లినా తన బ్యాట్ తనతోనే వస్తుంది. ఇక్కడ అలా కాదు, బ్యాట్ జట్టుది. కొత్త జట్టులో చేరిన రోజున చేతిలో కొత్త బ్యాట్ పెడతారు. దాని బరువు, పట్టు, దెబ్బ తగిలే చోటు, అన్నీ వేరు.

మరి ఫామ్‌ను కొలిచేదెలా? రేసు ఫలితాల్ని నమ్మలేం. ప్రమాదం జరిగితే అందరినీ నెమ్మది చేసే సేఫ్టీ కారు వస్తుంది, వాన పడుతుంది, టైర్లు మార్చే పిట్‌లో ఒక చక్రం ఇరుక్కుపోతుంది. అందుకే ప్యాడాక్‌లో, అంటే జట్లు మకాం వేసే చోట, అందరూ మొదట చూసేది క్వాలిఫయింగ్‌లో జట్టులోని పక్క కారు టైమ్. రేసును ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే మూడు రౌండ్ల పోటీ అది. ఆ కారు నీ కారులాంటిదే కాబట్టి సాకులకు చోటు తక్కువ. తేడా 0.3 సెకన్లు అనుకోండి. వినడానికి చిన్నదే. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో లెక్కేస్తే దాదాపు 17 మీటర్లు, అంటే మూడు కార్ల పొడవు. ఒక్క ల్యాప్‌లో. మధ్య జట్ల పోటీ గట్టిగా ఉన్న రోజున అది క్వాలిఫయింగ్ మూడో రౌండ్‌కు చేరడానికీ మొదటి రౌండ్‌లోనే ఇంటికి వెళ్లడానికీ ఉన్న తేడా.

అయితే వాచీ చెప్పేది తేడా ఎంత అనేది మాత్రమే. ఎందుకు అనేది తెలియాలంటే పెడల్ దగ్గరికి వెళ్లాలి.

[క్లోజప్: ఎడమ కాలు, బ్రేక్ పెడల్. పక్కన గ్రాఫ్‌లో ఒక నిలువు గీత, ఆ తర్వాత వాలు]

300 కిలోమీటర్ల వేగంతో మలుపు దగ్గరికి వస్తున్నాడు. ఎడమ కాలితో పెడల్‌ను ఒక్క తోపు తోస్తాడు. పెడల్ మీద పడే బలం వంద కిలోల బరువును దాటుతుంది. ఆ వేగంలో గాలి కారును రోడ్డుకేసి నొక్కుతోంది కాబట్టి టైర్లు పట్టు వదలవు. వేగం తగ్గేకొద్దీ గాలి ఒత్తిడీ తగ్గుతుంది. కాలు అలాగే నొక్కి ఉంచితే చక్రం బిగుసుకుపోయి టైరు పొగలు కక్కుతుంది. కాబట్టి కాలిని మెల్లగా, మిల్లీమీటర్ల లెక్కన వదులుతూ రావాలి.

అసలు విషయం ఆ వదలడంలోనే ఉంది. కొందరు స్టీరింగ్ తిప్పేముందే బ్రేక్ దాదాపు వదిలేసి, ఆ వేగాన్ని మలుపు మధ్యలోకి దొర్లించుకుంటూ పోతారు. కొందరు స్టీరింగ్ తిప్పుతూ కూడా బ్రేక్ పట్టుకునే ఉంటారు. అప్పుడు బరువు ముందు టైర్ల మీద పడి ముక్కు చటుక్కున తిరుగుతుంది. రెండూ సరైన పద్ధతులే. కాకపోతే ప్రతి కారుకూ ఈ రెంటిలో ఒకదాని మీద మొగ్గు ఉంటుంది.

రికార్డో మొదటి రకం. 2021 మెక్‌లారెన్ రెండో రకాన్ని అడిగే కారు. దాన్ని నడపడానికి ప్రత్యేకమైన పద్ధతి కావాలని జట్టు కూడా ఒప్పుకుంది. మరి నోరిస్‌కు ఎలా కుదిరింది? అతను ఫార్ములా వన్‌లోకి వచ్చిందే 2019లో, అదే జట్టులోకి. వేరే జట్టు కారుతో రేసు చేసిందే లేదు, మర్చిపోవాల్సిన అలవాటూ లేదు. రికార్డోకు మాత్రం పదేళ్ల అలవాటు. ఏ అలవాటుతో ఏడు రేసులు గెలిచాడో దాన్నే వదులుకోమంటోంది కొత్త కారు. ప్రతి మలుపు దగ్గరా ఆలోచించి బ్రేక్ వేసేవాడు, ఆలోచించకుండా వేసేవాడి కంటే వెనకే ఉంటాడు.

అదే ఏడాది సెప్టెంబరులో రికార్డో ఇటలీలోని మోంజాలో గెలిచాడు. 2012 తర్వాత మెక్‌లారెన్‌కు అదే మొదటి గెలుపు. "చూశారా, ఫామ్ తిరిగొచ్చింది" అన్నారు అంతా. నాకైతే అది ట్రాక్ మహిమ అనిపిస్తుంది. మోంజా అంటే పొడవాటి తిన్నని రోడ్లు, వాటి చివర కారు నిటారుగా ఉండగానే వేసే గట్టి బ్రేకులు. రికార్డోకు అన్నిటికంటే బాగా వచ్చిన పని అదే. 2022లో నోరిస్ 122 పాయింట్లు తెస్తే రికార్డో 37 తెచ్చాడు. ఇంకో ఏడాది కాంట్రాక్టు ఉండగానే జట్టు అతన్ని వదిలేసింది.

దీనికి అద్దంలో బొమ్మలాంటి కథ పియర్ గాస్లీది. 2019లో రెడ్ బుల్ పిలిచి సీటు ఇచ్చింది. పన్నెండు రేసులయ్యేసరికి అదే జట్టులోని మాక్స్ వెర్‌స్టాపెన్‌కు 181 పాయింట్లు, గాస్లీకి 63. హంగరీలో ఇతన్ని కూడా జట్టువాడే ఒక ల్యాప్ తేడాతో దాటాడు. ఆ వెంటనే రెడ్ బుల్‌దే అయిన కింది జట్టు టోరో రోసోకు పంపేశారు. అదే ఏడాది బ్రెజిల్‌లో ఆ చిన్న కారుతో, మెర్సిడెస్ డ్రైవర్ లూయిస్ హామిల్టన్‌తో ముగింపు గీత దాకా సమానంగా పరిగెత్తి రెండో స్థానం కొట్టాడు. మరుసటి ఏడాది మోంజాలో గెలిచాడు. మంచి కారులో తేలిపోయినవాడు మామూలు కారులో గెలిచాడన్నమాట. ఫామ్ డ్రైవర్ సొంత ఆస్తి అయితే ఈ లెక్క కుదరదు.

సరే, మరి జట్టు మారాలా?

ఇక్కడ ఇంకో చిక్కుంది. నిర్ణయం తీసుకునే నాటికి నడపబోయే కారు ఇంకా పుట్టనే లేదు. హామిల్టన్ ఫెరారీకి వెళ్తున్నట్టు ప్రకటించింది 2024 ఫిబ్రవరి 1న. ఆ కారులో మొదటి రేసు చేసింది 2025 మార్చిలో. పెళ్లిచూపులకూ పెళ్లికీ మధ్య ఏడాదికి పైగా గడిచింది, ఈలోపు రెండు వైపులా అన్నీ మారిపోయాయి. ఆ మధ్యలోనే అతను మెర్సిడెస్‌తో రెండు రేసులు గెలిచాడు కూడా.

హామిల్టనే 2012లో మెక్‌లారెన్ వదిలి మెర్సిడెస్‌కు వెళ్లాలని తీసుకున్న నిర్ణయం చూడండి. మెక్‌లారెన్ ఆ ఏడాది ఏడు రేసులు గెలిచింది. మెర్సిడెస్ ఫార్ములా వన్‌లోకి జట్టుగా తిరిగి వచ్చిన మూడేళ్లలో గెలిచింది ఒక్కటే. పిచ్చి పని అన్నారు చాలామంది. కానీ 2014లో ఇంజిన్ నిబంధనలు మారబోతున్నాయి. ఇంజిన్ సొంతంగా చేసుకునే జట్టుకు అప్పుడు పైచేయి ఉంటుందనేది అతని ముందున్న వాదన. 2013లో మెక్‌లారెన్‌కు ఒక్క పోడియం, అంటే మొదటి మూడు స్థానాల్లో ఒక్కటి కూడా దక్కలేదు. 2014లో 19 రేసుల్లో 16 మెర్సిడెస్ గెలిచింది.

దాదాపు ఇదే వాదన నమ్ముకుని, ఇంజిన్ కంపెనీ హోండాతో జతకట్టిన మెక్‌లారెన్‌కు 2015లో ఫెర్నాండో అలోన్సో వెళ్లాడు. ఆ ఏడాది అతనికి వచ్చింది 11 పాయింట్లు. వాదన తప్పా అంటే అదీ కాదు. హోండా ఇంజిన్‌తోనే 2021లో రెడ్ బుల్ కారులో వెర్‌స్టాపెన్ ఛాంపియన్ అయ్యాడు. ఆరేళ్లు ఆగాల్సింది, అంతే. ఏ డ్రైవర్ దగ్గర ఉంటాయి ఆరేళ్లు? అలోన్సోకు చెడు నిర్ణయాలు తీసుకుంటాడని పేరుపడింది గానీ, ఈ ఒక్క విషయంలో అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

జట్టు గతేడాది ఎన్నో స్థానంలో ఉందనేది కూడా అంత పెద్ద ఆధారం కాదు. కారు మీద గాలి ఎలా పారుతుందో చూసే గాలి సొరంగంలో ఛాంపియన్ జట్టుకు పరీక్షల కోటా 70 శాతమే. స్థానం దిగేకొద్దీ 5 శాతం చొప్పున పెరిగి, పదో జట్టుకు 115 శాతం వస్తుంది. కిందున్నవాళ్లు పైకి రావాలనే పెట్టిన నిబంధన అది. నేనైతే పట్టిక చూడను. ఆ జట్టులో ఇప్పుడున్న డ్రైవర్ ఎలా బ్రేక్ వేస్తాడో చూస్తాను. కారు ఏళ్ల తరబడి అతని చేతికి, అతని ఫిర్యాదులకు తగ్గట్టు తయారై ఉంటుంది. కొత్తగా వచ్చినవాడు నిజానికి పోటీపడేది ఆ అలవాటుతో.

2025 ఫెరారీలో జరిగింది అదేనని నా అనుమానం. హామిల్టన్ 2007 నుంచి 2024 దాకా నడిపిన ప్రతి కారులో మెర్సిడెస్ ఇంజినే. ఫెరారీలో కారును తిప్పడానికి ఇంజిన్ బ్రేకింగ్, అంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్ కారును వెనక్కి లాగడం వాడతారని, తనకది కొత్తని స్వయంగా చెప్పాడు. షార్ల్ లెక్లెర్ ఆ జట్టులో 2019 నుంచి ఉన్నాడు. హంగరీ క్వాలిఫయింగ్‌లో లెక్లెర్ మొదటి స్థానం (పోల్) కొట్టిన రోజే హామిల్టన్ పన్నెండో స్థానంలో ఆగిపోయాడు. తన వల్ల ఉపయోగం లేదని, జట్టు డ్రైవర్‌ను మార్చుకోవాలేమోనని అన్నాడు. ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయినవాడి నోట ఆ మాట. ఆఖరికి లెక్లెర్‌కు 242 పాయింట్లు, అతనికి 156. వయసు నలభై అన్నది నిజమే, దాన్ని పక్కన పెట్టలేం. కానీ 2025 సీజన్‌కు ముందు అధికారిక పరీక్షలు మొత్తం మూడు రోజులు. జట్టుకు ఒకే కారు, ఇద్దరు డ్రైవర్లు. అంటే కొత్త కారుతో మనిషికి రోజున్నర. పద్దెనిమిదేళ్ల అలవాటుకు రోజున్నర!

హామిల్టన్ కోసం ఫెరారీ ఖాళీ చేయించిన సీటు కార్లోస్ సైన్జ్‌ది. అతను విలియమ్స్ జట్టుకు వెళ్లాడు. అక్కడ అలెక్స్ ఆల్బన్ 2022 నుంచి పాతుకుపోయి ఉన్నాడు. 2025లో పదహారు రేసులు గడిచినా పాయింట్లలో సైన్జ్ అతని కంటే ఎంతో వెనక. సైన్జ్ ఫామ్ కూడా పోయిందనే మాటలు మొదలయ్యాయి. పదిహేడో రేసు, బాకు. రెండో స్థానంలో మొదలుపెట్టి మూడో స్థానంలో ముగించాడు. ఖతార్‌లో మళ్లీ మూడో స్థానం. సీజన్ చివరికి ఆల్బన్‌కు 73 పాయింట్లు, సైన్జ్‌కు 64.

[స్క్రీన్ మీద: బాకు, మొదటి మలుపు. సైన్జ్ కారు లోపలి కెమెరా, మూలన బ్రేక్ గ్రాఫ్]

ఈసారి ఎవరైనా జట్టు మారితే శుక్రవారం ప్రాక్టీస్‌లో కారు లోపలి కెమెరా పెట్టుకుని చూడండి. టైమ్ పట్టిక వద్దు. మలుపులో స్టీరింగ్ తిప్పాక మళ్లీ సరిదిద్దుకుంటున్నాడా, ఒకే తిప్పులో పోతున్నాడా చూడండి. మార్చిలో సరిదిద్దుకుంటూ కనిపించి, సెప్టెంబరులో ఒకే తిప్పులో పోతుంటే కింద కామెంట్‌లో ఆ పేరు రాయండి. తర్వాతి వీడియో అతని మీదే చేద్దాం.