ట్యాబ్ నొక్కితే ఏం జరగాలో మీరే చెప్పండి

అందరికీ నమస్కారం. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో, రోజంతా నొక్కుతూనే ఉన్నా, సగం కొట్టిన పేరును పూర్తి చేసే ట్యాబ్ కీ ఎలా నడుచుకోవాలో మనమే నిర్ణయించుకోవచ్చని చాలామందికి తెలియదు. బ్యాష్ అనే షెల్, అంటే మనం కొట్టే కమాండ్లను నడిపే ప్రోగ్రాము, వాడేవాళ్లకు ఆ సంగతి చెబుదామనే వచ్చాను.

బ్యాష్‌లో ఈ పని చూసుకునేది, మనం టైప్ చేసే లైన్‌ను సంభాళించే రీడ్‌లైన్ లైబ్రరీ. దాని సెట్టింగుల చోటు హోమ్ డైరెక్టరీలోని డాట్ ఇన్‌పుట్‌ఆర్‌సీ (.inputrc) ఫైలు. రీడ్‌లైన్ వాడే జీడీబీ (ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే డీబగ్గర్) లాంటి ప్రోగ్రాములు కూడా అదే చదువుతాయి.

ఫోల్డర్లో రిపోర్ట్-2023, రిపోర్ట్-2024 ఉన్నాయనుకోండి. మొదటి రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే రిపోర్ట్-202 దాకా వచ్చి ఆగిపోతుంది. జాబితా కావాలంటే మళ్లీ నొక్కాలి. షో-ఆల్-ఇఫ్-యాంబిగ్యువస్ ఆన్ చేస్తే మొదటి నొక్కుకే రెండు పేర్లూ కనిపిస్తాయి. కంప్లీషన్-ఇగ్నోర్-కేస్ ఆన్ చేస్తే పెద్దక్షరమా చిన్నక్షరమా అన్న టెన్షన్ ఉండదు. దానికి తోడుగా కంప్లీషన్-మ్యాప్-కేస్ పెడితే హైఫన్, అండర్‌స్కోర్ రెండూ ఒకటే అవుతాయి. ఈ మూడూ అందరూ పెట్టుకోవాల్సినవేనని నా గట్టి నమ్మకం.

నొక్కిన ప్రతిసారీ సరిపోయే పేర్లను ఒక్కొక్కటిగా లైన్లో పెట్టే మెనూ-కంప్లీట్ విషయంలో మాత్రం జాగ్రత్త. దాన్ని ట్యాబ్‌కే కడితే, నొక్కగానే మొదటి ఫైలు పేరు పూర్తిగా లైన్లోకి వచ్చేస్తుంది. అంతకుముందు ఫైళ్లను చెరిపేసే ఆర్ఎం (rm) కమాండ్ కొట్టి ఉండి, చూసుకోకుండా ఎంటర్ నొక్కారా, మీరు అనుకోని ఫైలు పోతుంది. షెల్ మన మాట పూర్తి చేయాలి గానీ, మన బదులు ఎంచుకోకూడదు. అందుకే ట్యాబ్‌ను అలాగే ఉంచి, మెనూ-కంప్లీట్‌ను షిఫ్ట్-ట్యాబ్‌కు కట్టమంటాను. కావాలనుకున్నప్పుడే పేర్లు ఒక్కొక్కటిగా వస్తాయి.

ఇంకో చిక్కుంది. సొంత ఇన్‌పుట్‌ఆర్‌సీ ఉంటే, రీడ్‌లైన్ ఈటీసీ (/etc) డైరెక్టరీలోని సిస్టమ్ ఫైలు జోలికి పోదు. నిన్నటిదాకా పనిచేసిన కొన్ని షార్ట్‌కట్‌లు ఇవాళ పనిచేయకపోవచ్చు. మీ ఫైలు మొదటి వరుసలో డాలర్ ఇన్‌క్లూడ్ ($include) అని రాసి, ఆ సిస్టమ్ ఫైలు దారి ఇస్తే సరిపోతుంది.

కోడ్ మార్పులను భద్రపరిచే గిట్‌లోని బ్రాంచి పేర్ల వంటివి పూర్తి కావడం వేరే సంగతి. వాటికి ఆయా కమాండ్ల కోసం రాసిన కంప్లీషన్ స్క్రిప్టులు కావాలి, అవి చాలావరకు బ్యాష్-కంప్లీషన్ ప్యాకేజీతో వస్తాయి.

ఫైలు మార్చాక టెర్మినల్ మూయక్కర్లేదు. కంట్రోల్-ఎక్స్, వెంటనే కంట్రోల్-ఆర్ నొక్కితే మళ్లీ చదువుకుంటుంది. ల్యాప్‌టాప్‌లు తెచ్చుకున్నవాళ్లు ఇప్పుడే బైండ్ హైఫన్ వి (bind -v) కొట్టి, ఏవి ఆన్‌లో ఉన్నాయో చూడండి. సందేహాలుంటే అడగండి.