ప్రాసెసర్ వేడెక్కుతోందా?

శ్రోతలకు నమస్కారం.

మే నెల మధ్యాహ్నం. కంప్యూటర్ బాగానే నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. కాసేపాగి ఆన్ చేస్తే లేస్తుంది, మళ్లీ కొద్దిసేపటికే ఆగిపోతుంది. వైరస్ అనుకుని విండోస్ మళ్లీ వేయించేవాళ్లున్నారు, పాతబడిందని వచ్చినకాడికి అమ్మేసేవాళ్లున్నారు. పిల్లల చదువు కోసం అప్పు చేసి కొన్న యంత్రం అలా పోతుంటే నాకు చాలా బాధనిపిస్తుంది. ఎందుకంటే చాలాసార్లు అందులో చెడిపోయిందేమీ ఉండదు. కంప్యూటర్ పనంతా నడిపే ముఖ్యమైన చిప్ ప్రాసెసర్, అందులో పుట్టిన వేడి బయటికి పోయే దారి మూసుకుపోయి ఉంటుంది, అంతే.

ముందు వేడి సంగతి తేల్చుకోండి. ఆన్ చేయగానే డిలీట్ మీటో, ఎఫ్2 మీటో నొక్కుతూ ఉంటే చాలా కంప్యూటర్లలో బయోస్, అంటే విండోస్ మొదలవకముందే వచ్చే అమరికల తెర కనిపిస్తుంది. డెస్క్‌టాప్ అయితే సాధారణంగా అక్కడే సీపీయూ, అంటే ప్రాసెసర్ ఉష్ణోగ్రత కనిపిస్తుంది. పెద్ద పనేమీ లేని ఆ సమయంలోనే 80, 90 డిగ్రీలు చూపిస్తూ ఇంకా పైకి పోతుంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఇప్పటి ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 95, 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. హద్దు చేరగానే చిప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. అయినా వేడి ఆగకపోతే కంప్యూటర్‌ను ఆపేస్తుంది. అలా తనను తాను కాపాడుకుంటుంది.

ఇక దుమ్ము. ప్లగ్గు తీసేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కిపట్టి, డబ్బాను వరండాలోకి తీసుకెళ్లి తెరవండి. ఫ్యాన్ కింద ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మె, అంటే హీట్ సింక్ ఉంటుంది, దాని రేకుల మధ్య దుమ్మూ వెంట్రుకలూ పేరుకుని ఉంటాయి. మెత్తని పెయింట్ బ్రష్షుతో దులపండి. బ్లోయర్ వాడితే ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. వదిలేస్తే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు దెబ్బతింటుంది. పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పకండి, ప్లగ్గు తీసినా దాని కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

దుమ్ము పోయినా వేడి తగ్గకపోతే థర్మల్ పేస్ట్ చూడాలి. ప్రాసెసర్ పైభాగమూ, హీట్ సింక్ అడుగూ కంటికి నున్నగా కనిపించినా వాటి మధ్య సన్నని సందులుంటాయి. అందులో గాలి చేరుతుంది. రాగి వేడిని గాలికన్నా పదివేల రెట్లకు పైగా బాగా మోస్తుంది, అంటే ఆ కాస్త గాలే పెద్ద అడ్డు. ఆ సందులు పూడ్చేదే పేస్ట్. కొన్నేళ్లకు అది ఎండి బిరుసెక్కుతుంది.

మార్చడానికి ముందు కంప్యూటర్‌ను కొద్దిసేపు నడిపి ఆపండి, గోరువెచ్చని పేస్ట్ సులువుగా వదులుతుంది. ప్లగ్గు తీసి, కూలర్ (ఫ్యానూ హీట్ సింకూ కలిసిన భాగం) బిగింపులు వదులు చేసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి ఎత్తండి. ఒక్కసారి లాగొద్దు. అడుగున పిన్నులుండే ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లయితే కూలర్‌కు అంటుకుని ఊడొచ్చి, పిన్నులు వంగిపోతాయి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన పీచు రాలని గుడ్డతో తుడిచి, కొత్తది మధ్యలో బఠాణీ గింజంత పెడితే చాలు, నొక్కుడుకు అదే పరుచుకుంటుంది. టూత్‌పేస్ట్ రాస్తే సరిపోతుందని చెప్పేవాళ్ల మాట వినకండి. అది త్వరగా ఎండిపోతుంది, మీ వేడి మీకు తిరిగొస్తుంది.

ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లతో వచ్చే కూలర్లలో చాలావాటికి నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. ఎదురెదురు మూలలవి జతగా, టక్కుమనేదాకా నొక్కాలి. ఒక్క మూల లేచి ఉన్నా కూలర్ సరిగ్గా ఆనదు. కొత్త కూలర్ అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉంటే ముందే పీకేయండి. ఫ్యాన్ వైరును సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్నచోటే గుచ్చండి.

గది వేడి పది డిగ్రీలు పెరిగితే చిప్ వేడీ దాదాపు అంతే పెరుగుతుంది. రెంటచింతలలోనో, రామగుండంలోనో ఎండ 45 డిగ్రీలకు చేరినప్పుడు, డబ్బాను బల్ల అరలో మూసిపెడితే ఎంత మంచి కూలరైనా ఏం చేయగలదు? గోడకు జానెడు ఎడంగా, నేలకు కాస్త ఎత్తున పెట్టండి.

ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి వాడకండి, అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. విప్పడానికి ధైర్యం చాలకపోతే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 100 నుంచి 99కి మార్చి చూడండి. ఆ అమరిక కనిపించే చాలా యంత్రాల్లో టర్బో, అంటే చిప్ అవసరానికి అందుకునే అదనపు వేగం ఆగి వేడి బాగా తగ్గుతుంది, టైపింగుకూ పాఠాలు వినడానికీ మిగిలిన వేగం ధారాళంగా సరిపోతుంది. వారంటీ ఉంటే సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఫ్యాన్ శుభ్రం చేసి పేస్ట్ మార్చమని నోరు తెరిచి అడగండి.

నమస్కారం.