కత్తెర ఎవరి చేతిలో ఉంది?

(గ్రామీణ మహిళలకు రేడియో, ఆడియో పనులు నేర్పే శిక్షకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీరంతా ఊళ్లలో ఆడవాళ్లకు రికార్డింగ్ నేర్పుతున్నవాళ్లే. కాబట్టి మైకు పట్టుకోవడం గురించి నేను మాట్లాడను. అది నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది, బడి మొహం చూడనివాళ్లకు కూడా వస్తుంది. ఏ బటన్ ఎక్కడుందో చేతికి తెలిస్తే చాలు, అక్షరాలతో పనేముంది? రికార్డింగ్ అయిపోయాక జరిగే పని గురించి మాట్లాడతాను. గంట మాటల్లో పది నిమిషాలు ఉంచి మిగతాది తీసేస్తాం కదా, ఆ పది నిమిషాలను ఎవరు ఎంచుతున్నారు?

ఈ విషయంలో మనం చూడాల్సిన ఊరు జహీరాబాద్ పక్కనే ఉంది. మాచనూరు. అక్కడి 'సంఘం రేడియో'ను దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన మహిళా సంఘాల్లోని దళిత మహిళలు నడిపారు. స్టేషన్ బాధ్యత మోసిన జనరల్ నర్సమ్మ, ఆల్గోలు నర్సమ్మ ఇద్దరూ ఆ ప్రాంతపు అమ్మాయిలే. 90.4 ఎఫ్ఎం మీద ప్రసారాలు మొదలైంది 2008 అక్టోబర్ 15న. స్టూడియో మాత్రం యునెస్కో సాయంతో అంతకు దాదాపు పదేళ్ల ముందే సిద్ధమైంది. గది ఉంది, మైకులున్నాయి, మనుషులున్నారు, లైసెన్సు లేదు.

లైసెన్సు ఎందుకు రాలేదంటారా? గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ఆ కేసు వచ్చింది క్రికెట్ మ్యాచ్‌ల ప్రసారం మీద గొడవలోంచి! తీర్పు చెప్పిన ముగ్గురిలో మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఒకరు. అయినా కమ్యూనిటీ రేడియో, అంటే స్థానికులే తమకోసం నడుపుకునే చిన్న స్టేషన్, పెట్టుకోవడానికి ప్రభుత్వం 2002లో విద్యాసంస్థలకు మాత్రమే తలుపు తీసింది. స్వచ్ఛంద సంస్థలకు అవకాశం వచ్చేసరికి 2006 అయింది. చివరికి మాచనూరు స్టేషన్‌ను ప్రారంభించింది ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనంలోని జస్టిస్ పి.బి. సావంత్.

ఆ పదేళ్లూ వాళ్లు ఊరికే కూర్చోలేదు. రికార్డు చేసిన క్యాసెట్లను సంఘం మీటింగుల్లో టేప్‌రికార్డర్ మీద వినిపించారు. నన్నడిగితే అంతకు మించిన ట్రైనింగ్ లేదు. రేడియోలో మాట్లాడేవాళ్లకు వినేవాళ్ల మొహాలు కనిపించవు. మీటింగులో అలా కాదు. బోరు కొడితే పక్కవాళ్లతో మాటలు మొదలవుతాయి, లేచి వెళ్లేవాళ్లు లేచి వెళ్తారు. ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఆ గదిలోనే తెలిసిపోతుంది. అది చెప్పడానికి పట్నం నుంచి ఎడిటర్ రావక్కర్లేదు.

ఒక ఉదాహరణ ఊహించుకోండి. ఒక పెద్దమ్మ కంది విత్తనం దాచడం గురించి చెబుతోంది. బూడిద, వేపాకు కలిపి వెదురు గుల్లలో పోస్తామని మొదలుపెట్టి, మధ్యలో బిడ్డ పెళ్లి, వియ్యపురాలి ఊరు, ఆ ఏడు వాన పడకపోవడం, అన్నీ చెప్పి మళ్లీ విత్తనం దగ్గరికి వస్తుంది. మనలాంటివాళ్లం పెళ్లి ముచ్చటంతా కోసేస్తాం. 'పాయింట్‌కి రావడం లేదు' అంటాం. కానీ ఆ కందులు వియ్యపురాలి ఊరి నుంచే వచ్చాయి. వాన లేని ఏడు నిలబడ్డ పంట అదే. అసలు సంగతి మొత్తం మనం కోసిన ముక్కలోనే పోయింది. పక్క ఊరి ఆడమనిషి ఎడిటింగ్ చేసి ఉంటే అది పోయేది కాదు.

భాషకూ ఇదే గతి. జహీరాబాద్ వైపు తెలుగులో ఉర్దూ, కన్నడ, మరాఠీ అలవోకగా కలుస్తాయి. 'కొంచెం సరిగ్గా మాట్లాడమ్మా' అని ఒక్కసారి అన్నామా, ఆమె ఆ రోజుకి నోరు విప్పదు. ఈ మాట అన్న ట్రైనర్లు ఈ హాల్లోనే ఉన్నారు. పేర్లు చెప్పను, కంగారుపడకండి.

ఈ సొసైటీని నడిపించిన పి.వి. సతీష్ దూరదర్శన్‌లో పనిచేసి వచ్చినవారు. ఎడిటింగ్‌లో కోతకు ఉన్న బలం ఆయనకు బాగా తెలుసు. అందుకేనేమో, అక్కడి మహిళలకు వీడియో కూడా నేర్పించారు. పై నుంచి కిందికి చూసే కెమెరా కోణాన్ని వాళ్లు ఊరి పెత్తందారు పేరుతో పటేల్ షాట్ అన్నారు, కళ్లకు సమానంగా పెట్టేదాన్ని సంఘం షాట్ అన్నారు. పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చినప్పుడు ఈ మహిళలే వరంగల్ వైపు వెళ్లి చిన్న రైతులను పంట కాలమంతా కలుస్తూ వచ్చారు. టీవీవాళ్లయితే పంట పోయాక ఒకసారి వచ్చి ఏడుపు తీసుకుపోతారు. వీళ్ల దగ్గర విత్తనం వేసిననాటి ఆశ కూడా రికార్డయి ఉంది.

కష్టాలు లేవని కాదు. కమ్యూనిటీ రేడియో ట్రాన్స్‌మిటర్ చిన్నది, చుట్టుపక్కల ఊళ్లు దాటదు. ప్రకటనల మీద పరిమితులు, జీతాలకు కటకట. సొంత వార్తలు చదవకూడదు, ఆకాశవాణి వార్తలైతే తిరిగి వినిపించవచ్చు. గ్రామసభలో రేషన్ గురించి జరిగిన రచ్చ వార్తా, సమాచారమా? దానికి జవాబు వెతుక్కునే టెన్షన్ స్టేషన్‌లో కూర్చున్న ఆ అమ్మాయిది. ఇప్పుడు ఫోన్ ఉంది కదా, వాట్సాప్‌లో పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు. కానీ చాలా ఇళ్లలో ఆ ఫోన్ మగవాళ్ల జేబులో ఉంటుంది. ట్రైనింగ్ బడ్జెట్ రాసేటప్పుడు అది గుర్తుంచుకోండి.

మధ్యాహ్నం పని సంగతి చెప్పి ముగిస్తాను. మూడు గ్రూపులకీ మూడు కంప్యూటర్లు పెట్టాం. ఉదయం రికార్డు చేసిన ముచ్చట్లను నేర్చుకుంటున్న అక్కలే కట్ చేస్తారు. ట్రైనర్లు మౌస్ ముట్టుకోవద్దు. కంప్యూటర్ ఆగిపోతే పిలుస్తారు, అప్పుడు వెళ్లండి. ఆరు గంటలకు మూడు ముక్కలూ ఇదే హాల్లో అందరం వింటాం. ఏదైనా పొడవు ఎక్కువైందనిపిస్తే ఆ మాట ముందు అక్కలను అననివ్వండి.

భోజనాలకు ఇంకా టైముంది. ప్రశ్నలుంటే అడగండి.