తీపి యావకూ ఒక వేళ ఉంటుంది

అందరికీ నమస్కారం.

తీపి మానేయమని చెప్పడానికి నేను రాలేదు. ఆ మాట మీరు ఇప్పటికే చాలామంది నోట విని ఉంటారు. పట్టుబట్టి మానేసి, నాలుగు రోజులకే మళ్లీ మొదలుపెట్టినవాళ్లూ మీలో ఉండే ఉంటారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. తీపి మీద ఇష్టం పుట్టుకతోనే వస్తుంది. తల్లిపాలలోనే 100 మిల్లీలీటర్లకు సుమారు 7 గ్రాముల లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. నెలల బిడ్డ నాలుకకు చేదు తగిలితే మొహం ముడుచుకుంటుంది, తీపి తగిలితే చప్పరిస్తుంది. అంత లోతుగా ఉన్న ఇష్టాన్ని నోరు కట్టేసుకుని ఎన్నాళ్లు ఆపగలం? అందుకే నేను అడిగేది వేరు. మీకు తీపి తినాలనిపించేది ఏ వేళకు?

చాలామందికి అది సాయంత్రం, లేదా రాత్రి పనులన్నీ అయ్యాక కూర్చున్నప్పుడు. ఆ క్షణంలో మనల్ని మనమే తిట్టుకుంటాం. కానీ అంతకు ఐదారు గంటల ముందు ఏం జరిగిందో చూడండి. పొద్దున ఏమీ తినకుండా పనిలో పడి ఉంటారు. మధ్యాహ్నం హడావిడిగా ఏదో తిని లేచి ఉంటారు. అందులో పప్పో, గుడ్డో, పెరుగో, కూరగాయలో తగినంత ఉండవు. ముందురోజు రాత్రి నిద్ర కూడా చాలకపోతే ఇక చెప్పక్కర్లేదు, ఆకలి ఇంకా పెరుగుతుంది. కాబట్టి తీపి తగ్గించడం తీపి దగ్గర మొదలుపెట్టకండి. ముందు ఆ రెండు పూటల తిండినీ సరిచేసుకోండి. యావ పుట్టే వేళకు అరగంట ముందు ఒక పండో, గుప్పెడు గింజలో తినండి. సాయంత్రం టెన్షన్ వల్ల చెయ్యి తీపి డబ్బా మీదికి వెళుతుంటే మాత్రం తిండితో పని లేదు. కాసేపు నడవడమో, ఎవరితోనైనా మాట్లాడటమో మేలు.

ఇక లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక హద్దు చెప్పింది. రోజు మొత్తం తిండితో వచ్చే శక్తిలో విడి చక్కెరల, అంటే విడిగా కలిపే పంచదార లాంటివాటి వాటా 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి అవి 50 గ్రాములు, 25 గ్రాములు. 25 గ్రాములంటే ఆరు టీ చెంచాలు. ఇందులో తేనె, పళ్లరసం కూడా లెక్కకు వస్తాయి. పండును పండుగా తింటే రావు. పంచదార బదులు తేనె వేసుకుని నిశ్చింతగా ఉండేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. బరువు తగ్గడానికి కృత్రిమ తీపి పదార్థాల మీద ఆధారపడొద్దని ఆ సంస్థే 2023లో చెప్పింది. డయాబెటిస్ ఉన్నవాళ్లకు ఆ సూచన వర్తించదు, వాళ్లు డాక్టరును అడగాలి.

ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. రోజూ వాడే చెంచాతోనే, టీ కాఫీలలో వేసుకునే పంచదారను కప్పులో కాకుండా ఒక ఖాళీ గిన్నెలో వేయండి. రోజుకు ఎన్ని కప్పులో అన్నిసార్లు, ఇంట్లో ఎందరో అందరిదీ. మట్టంగా తీసిన చెంచాలో 4 గ్రాములుంటుంది. కుప్పగా తీస్తే ఒకటిన్నర చెంచా అయినట్టే. ఆ గిన్నెను ఇంట్లోవాళ్లంతా ఒకసారి చూస్తే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు. తర్వాత కప్పుకు పావు చెంచా తగ్గించి, రెండు వారాలు అక్కడే ఆగండి. నాలుక అలవాటు పడ్డాక ఇంకో పావు తగ్గించండి. కూల్ డ్రింక్ విషయంలో నేనింత మెత్తగా ఉండను. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, అదీ కడుపు నింపకుండా. దాన్ని కొనకపోవడమే మంచిది. ప్యాకెట్ కొనేటప్పుడు వెనక 100 గ్రాములకు చక్కెర ఎంతో చూడండి, డెక్స్‌ట్రోజ్, సిరప్ అని రాసినా అది చక్కెరే.

ఇష్టమైన తీపి తినేటప్పుడు భోజనంతో పాటు, పళ్లెంలో పెట్టుకుని, కూర్చుని తినండి. చక్కెర తగిలిన ప్రతిసారీ నోట్లోని బ్యాక్టీరియా ఆమ్లం తయారుచేస్తుంది. రోజంతా కొంచెం కొంచెంగా చప్పరిస్తుంటే పళ్లకు తేరుకునే వ్యవధే ఉండదు.

పిల్లల సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం. ‘కూర తింటే చాక్లెట్ ఇస్తా’ అనే మాట దయచేసి మానండి. అలా అన్న ప్రతిసారీ కూర శిక్ష అనీ, చాక్లెట్ బహుమతి అనీ మనమే నేర్పుతున్నాం. కొత్త కూర నచ్చడానికి పిల్లలకు పదిసార్లయినా రుచి చూడాల్సి రావచ్చు, రెండోసారికే ‘వీడు తినడు’ అని తేల్చేయకండి. రెండేళ్ల లోపు బిడ్డకు చక్కెర కలిపినవి పెట్టనే వద్దు. పెద్ద పిల్లలకు పూర్తిగా నిషేధిస్తే దాచుకుని తింటారు. వారంలో ఏ రోజు తీపి తినాలో వాళ్లనే ఎంచుకోనివ్వండి, ఆ రోజు వంక పెట్టకుండా ఇవ్వండి.

చివరగా, ఇన్సులిన్ గానీ, చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు నా మాట విని ఒక్కసారిగా తిండి మార్చకండి, మోతాదు సంగతి డాక్టరుతో మాట్లాడండి. చెమటలు, వణుకు వచ్చి రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే కిందికి పడిపోతే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, పావుగంట తర్వాత మళ్లీ పరీక్ష చేసుకోవాలి. ఆ గ్లూకోజ్ ఎక్కడ పెట్టారో ఇంట్లో పిల్లలతో సహా అందరికీ చెప్పి ఉంచండి.