కదిలే ముందు రాళ్లు తీయండి

వేదిక మీది పెద్దలకు, ట్రాఫిక్ పోలీసు సార్లకు, లారీ ఓనర్లకు, డ్రైవరన్నలకు, వెనక నిలబడ్డ మెకానిక్ తమ్ముళ్లకు నమస్కారం. ఎవరినైనా మరిచిపోతే కోపం పెట్టుకోకండి. నాకు క్రేన్ తోలడం వచ్చినంతగా మైకు పట్టుకోవడం రాదు.

రోడ్డు భద్రతా మాసం కదా, ఆగిపోయిన బండిని ఎలా లాగాలో అయిదు నిమిషాల్లో చెప్పమన్నారు. సూర్యాపేట, కోదాడ మధ్య హైవే మీద ఇరవై ఏళ్లు దాటింది, నా పని అదే. సంక్రాంతికి హైదరాబాద్ మొత్తం ఆంధ్రా వైపు కదిలితే మా ఇంట్లో పండగ ఉండదు.

ముందు కార్ల సంగతి. టోచన్, అంటే ఆగిన బండిని కట్టి లాగడం, అనగానే తాడు తెచ్చి బంపరుకు కట్టేస్తారు. అది ప్లాస్టిక్, ఊడి చేతికొస్తుంది. చాలా కార్లకు డిక్కీలో జాకీ పక్కనే ఇనుప కొక్కెం ఇస్తారు. బంపరు మీది చిన్న మూత తీసి అక్కడ మర బిగించాలి. ఇంజిన్ ఆగిన బండికి బ్రేకు రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. తాళం చెవి తీసేస్తే స్టీరింగ్ లాకే పడిపోతుంది. అందుకని వెనక కారులో చెయ్యి తిరిగిన డ్రైవరు కూర్చోవాలి. రెండు బండ్ల మధ్య అయిదు మీటర్లు మించొద్దని రూలు. వేగం నేను పాతిక దాటనివ్వను.

ఆటోమేటిక్ గేరు కారును, కరెంటు కారును తాడుతో లాగొద్దు. ఇంజిన్ ఆగితే ఆ గేరుబాక్సులో ఆయిల్ తిరగదు, చక్రాలు తిరిగేకొద్దీ లోపల కాలిపోతుంది. కరెంటు కారులో చక్రంతో పాటు మోటారూ తిరుగుతుంది. నాలుగు చక్రాలూ బండి మీదికి ఎక్కించాల్సిందే. ఇక లారీకి బ్రేకు గాలి దిగితే వెనక బ్రేకులు పట్టేస్తాయని, గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పాలని ఈ అన్నలకు నేను చెప్పేదేముంది!

సారు వాచీ చూస్తున్నారు. ఒక్క మాట సార్. నేను ఇక్కడికొచ్చింది రాళ్ల గురించి చెప్పడానికి.

లారీ ఆగగానే క్లీనరు దిగి వెనక నాలుగు రాళ్లు పెడతాడు, చెట్టు కొమ్మ విరిచి పడేస్తాడు. రిపేరు కాగానే లారీ పోతుంది. రాళ్లు ఎవరు తీస్తారు? మీరు తీశారా? నేను తీయలేదు.

అప్పుడు ఇది తొమ్మిదో నంబరు హైవే, రెండు లైన్ల రోడ్డు. నేనో షెడ్డులో పనికుండేవాణ్ణి. మునగాల దాటాక ఆగిన లారీని రాత్రి టోచన్ కట్టి కోదాడలో దింపాను. తిరిగొస్తుంటే అదే చోట మోపెడ్ పడి ఉంది. పక్కన ఒక రైతు కాలు పట్టుకుని మూలుగుతున్నాడు. రాత్రి కరెంటొస్తుందని మోటారు వేయడానికి పొలం పోతున్నాడట. క్యాబిన్‌లో పడుకోబెట్టి గవర్నమెంటు ఆస్పత్రికి తీసుకెళ్లాను. దారంతా నా చెయ్యి వదల్లేదు. "దేవుని లెక్క వచ్చినవన్నా" అన్నాడు. "ఆ రాళ్లు ఎవడు పెట్టిండో" అని తిట్టాడు కూడా.

"ఎవడోనన్నా" అన్నాను నేను.

దెబ్బ తగిలినవాణ్ణి కాపాడినవాళ్లు పేరు చెప్పనక్కర్లేదని 2019లో చట్టం మార్చారు. మంచిదే. నేను ఆ రాత్రి పేరు చెప్పకుండా వచ్చేసింది మాత్రం భయంతో. ఆయన ఊరు తెలుసు నాకు. ఇప్పటిదాకా పోలేదు.

తమ్ముళ్లూ, కొత్త బండితో ఎర్ర త్రికోణాలు రెండు ఇస్తారు. మీ బండిలో అవెక్కడున్నాయో తెలిసినవాళ్లు చేతులెత్తండి... నాలుగు చేతులు. ఇంత హాలులో నాలుగు! అవి తీసి బండికి దూరంగా వెనక పెట్టండి, మలుపుంటే మలుపుకు ముందే. నాలుగు ఇండికేటర్లూ వేసి, మీరు రోడ్డు దిగి నిలబడండి. 1033కు ఫోన్ చేయండి, నేషనల్ హైవే మీద ఎక్కడున్నా సహాయం పంపుతారు. రాళ్లే పెట్టాల్సి వస్తే, హుక్కు తగిలించాక, కదిలే ముందు తీసేయండి. నా క్రేనైతే క్లీనరు రాళ్లు తీసి వచ్చేదాకా కదలదు.

అయిపోయింది సార్, దిగుతున్నాను. బయట చెట్టుకింద పసుపు క్రేన్ నాదే. టీ తాగి అటు రండి, కొక్కెం బిగించడం చూపిస్తాను. క్యాబిన్‌లో కాళ్ల దగ్గర ఏడు రాళ్లున్నాయి, తగిలించుకోకండి. పొద్దున వస్తూ ఏరినవి.